కొండ నుంచి కడలి దాకా: విశాఖ భోజనం ఎక్కడెక్కడ పండుతోంది?

2022 మార్చిలో విశాఖపట్నం కిరాణా దుకాణాల్లో ఒకే ప్రశ్న వినిపించేది. ఎక్కడో ఉక్రెయిన్‌లో యుద్ధం జరుగుతుంటే మన ఇంటి పొద్దుతిరుగుడు నూనె ధర ఎందుకు పెరగాలి? మరుసటి ఏడాది జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు రైతుబజారు ముందు ఇంకో ప్రశ్న పుట్టింది. టమాటా మన దగ్గర పండేదే కదా, దానికేమైంది? అదే నెల 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. దేశంలో ధాన్యం నిల్వలు ఉండగా ఈ నిషేధం దేనికని చాలామంది అయోమయంలో పడ్డారు.

ఈ మూడు వార్తలకూ కారణాలు వేరు. నూనె విషయంలో ఓడలు ఆగాయి. టమాటా విషయంలో ఎండలు, అకాల వర్షాలు, తెగుళ్ళు పంటను దెబ్బతీశాయి. బియ్యం విషయంలో, పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో ఏడాదిలో వానలు సరిగా పడవేమోనన్న భయం పనిచేసింది. అయితే మూడింటి వెనుకా ఒక భౌగోళిక సత్యం ఉంది. ప్రతి పంటా ఏదో ఒక రకం నేల, ఎండ, వాన కలిసిన చోట పుట్టి, అక్కడి స్వభావాన్ని తనలో నింపుకున్నదే. ఆ స్వభావానికి భూగోళ శాస్త్రం పెట్టిన పేరు ‘బయోమ్’. దీన్ని అర్థం చేసుకోవడానికి విశాఖవాసులు పెద్దగా ప్రయాణం చేయనక్కరలేదు. ఉదయం అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలెక్కితే మధ్యాహ్నానికి దాదాపు మొత్తం పాఠం కిటికీలోంచే కనిపిస్తుంది.

బయోమ్ అంటే అడవి పేరు కాదు

ఒకే రకమైన వాతావరణం ఉన్న విశాల ప్రాంతంలో, ఆ వాతావరణానికి తగ్గట్టు పెరిగిన మొక్కలు, వాటి మీద బతికే జంతువులు, వీటన్నిటినీ మోసే నేల కలిపి ఒక బయోమ్. చెరువు ఒక ఆవరణ వ్యవస్థ, తోపు ఒక ఆవరణ వ్యవస్థ. బయోమ్ వాటికంటే చాలా పెద్దది. వర్షారణ్యం, సవన్నా (అక్కడక్కడా చెట్లున్న ఉష్ణమండల గడ్డిభూమి), ఎడారి, సమశీతోష్ణ గడ్డిభూమి, టండ్రా (ధ్రువాల దగ్గరి చలినేల) వంటివి దీనికి ఉదాహరణలు. ఒకచోట ఏ బయోమ్ ఏర్పడుతుందో ముఖ్యంగా రెండు అంశాలు నిర్ణయిస్తాయి. ఏడాదిలో ఎంత వేడి, ఎంత వాన. ఆ వాన ఏ నెలల్లో పడుతుందన్నది మూడో అంశం. మన విషయంలో అదే అన్నిటికంటే ముఖ్యం.

విశాఖలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. తక్కువేమీ కాదు. కానీ ఆ వానలో అధిక భాగం జూన్ నుంచి నవంబరు లోపే కురిసి వెళ్ళిపోతుంది. మిగతా నెలలు నేల ఎండుతుంది. అందుకే ఇక్కడి సహజ వృక్షసంపద వేసవిలో ఆకులు రాల్చి నీళ్ళు కాపాడుకునే అడవి. నగరం పక్కనున్న కంబాలకొండలో ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి నడిచి చూడండి. రెండూ ఒకే అడవి అంటే నమ్మడం కష్టం. మెట్ట రైతు జూన్‌లో మొదటి వాన కోసం ఆకాశం వైపు చూడటానికీ, ఆ చెట్లు ఆకులు రాల్చడానికీ కారణం ఒక్కటే.

అరకు దారిలో ఒక చిన్న లెక్క

సముద్ర మట్టం నుంచి పైకి వెళ్ళేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. 900ని 6.5తో గుణించి వెయ్యితో భాగిస్తే 5.85. అంటే విశాఖ కంటే అరకు దాదాపు ఆరు డిగ్రీలు చల్లగా ఉండాలి. చలికాలపు తెల్లవారుజామున తేడా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. రాత్రివేళ బరువైన చల్లగాలి కొండవాలు మీదుగా జారి లోయ అడుగున నిలిచిపోతుంది కాబట్టి. లంబసింగిలో కొన్ని డిసెంబరు ఉదయాల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోవడం వెనుక ఉన్నదీ ఇదే.

ఈ ఆరు డిగ్రీలు వంటింటికి తెచ్చిపెట్టేది చాలా ఉంది. తీరంలో బతకని అరాబికా కాఫీ అక్కడ పండుతుంది. అరకు లోయ అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీకి నీడనిచ్చే చెట్ల మీదికి మిరియాల తీగ పాకుతుంది. చింతపల్లి వైపు రాజ్మా పండుతుంది, పాడేరు చుట్టూ పసుపు, అల్లం. చలికాలం మొదట్లో పసుపుపచ్చగా పూసే వలిసెల పొలాల్లో ఫొటోలు దిగేవారు చాలామందే గానీ, అది నూనెగింజ పంట అని తెలిసినవారు తక్కువ. కొండ దిగితే అనకాపల్లి. చెరకుకు కావలసిన ఎండ, నీరు, మైదానం అక్కడున్నాయి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఆ ఊళ్ళో వెలిసింది ఆ కారణంగానే. ఇంకాస్త తూర్పుకు వస్తే ఇక సేద్యం లేదు, వేట ఉంది. వంజరం, కానాగంతలు, నెత్తళ్ళు. కొండ, మైదానం, సముద్రం ఇంత దగ్గరగా ఒదిగిన నగరాలు మన దేశంలో ఎక్కువ లేవు. మన పళ్ళెంలోని వైవిధ్యానికి మూలం ఈ ఒదుగుడే అని నా నమ్మకం.

పచ్చగా ఉన్న నేలంతా సారవంతం కాదు

చాలామంది పొరబడేది ఇక్కడే. దట్టమైన వర్షారణ్యం చూస్తే ఆ నేలలో ఏది నాటినా పండుతుందనిపిస్తుంది. నిజానికి అక్కడ సారం నేలలో కాదు, చెట్లలో ఉంటుంది. ఆకు రాలగానే వేడికీ తేమకూ కుళ్ళిపోతుంది, వేళ్ళు ఆ పోషకాలను వెంటనే పీల్చుకుంటాయి. నేలలో మిగిలేది స్వల్పం. చెట్లు నరికి కాల్చితే బూడిద వల్ల రెండు మూడేళ్ళు పంట బాగా వస్తుంది. ఆ తర్వాత కుండపోత వానలు ఉన్న కాస్త సారాన్నీ కడిగేస్తాయి.

సమశీతోష్ణ గడ్డిభూములది దీనికి పూర్తిగా విరుద్ధమైన కథ. అక్కడ చలికాలంలో కుళ్ళే ప్రక్రియ దాదాపు ఆగిపోతుంది. గడ్డివేళ్ళు ఏటా చనిపోతూ వేల ఏళ్ళుగా నేలలో పేరుకుంటూ వచ్చాయి. ఫలితంగా మీటరు లోతు వరకూ నల్లని, జీవపదార్థం నిండిన మట్టి తయారైంది. ఉక్రెయిన్, దక్షిణ రష్యా, కెనడా మైదానాలు అవే. ప్రపంచపు గోధుమలో పెద్ద వాటా అక్కడి నుంచి వస్తుంది. మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో సింహభాగం యుద్ధానికి ముందు ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది. మనం తినే ఎర్ర కందిపప్పులో (మసూర్ పప్పు) కొంత కెనడా గడ్డిభూములది. అసలు కందిపప్పు విషయానికొస్తే, ఇక్కడ దిగుబడి తగ్గిన ఏడాది మయన్మార్ నుంచీ, మొజాంబిక్, టాంజానియా సవన్నాల నుంచీ తెప్పించుకుంటున్నాం. సాంబారు గిన్నెలో మూడు ఖండాల నేల ఉందంటే అతిశయోక్తి కాదు.

వరి పండాలంటే నేల చిత్తడిగా మారాలి

మనిషి బయోమ్‌కు లొంగి మాత్రమే సేద్యం చేయలేదు, దాన్ని మార్చి కూడా చేశాడు. వరి పుట్టుకతోనే చిత్తడినేలల మొక్క. కాబట్టి వరి పండించడమంటే పొడినేలను ఏటా కొన్ని నెలలపాటు చిత్తడిగా మార్చడమే. గట్లు వేయడం, దమ్ము చేయడం, నీరు నిలగట్టడం, అన్నీ అందుకే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో ఈ మార్పు స్థిరపడింది. నది తెచ్చిన ఒండ్రు, పల్లపు నేల, కాలువ నీరు కలిశాయి. అది ఆ నేల స్వభావానికి దగ్గరి మార్పు కనుక ఇన్ని తరాలుగా నిలిచింది.

పంజాబ్‌లో జరిగింది వేరు. అర్ధశుష్క ప్రాంతంలో, వరి పెద్దగా తినని జనం మధ్య, బోరునీటి మీద వరి విస్తరించింది. దేశానికి కరవు భయం తీర్చిన ఘనత ఆ రైతులదే. వారికి మనం రుణపడి ఉన్నాం. కానీ అక్కడి భూగర్భ జలం వానలు నింపేదాని కంటే వేగంగా అడుగంటుతోంది. ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వరి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం ఉండదు. ఎక్కడ, ఏ నీటితో అన్నది తేలాలి.

విశాఖ నగరానికి ఎంత వరి కావాలో చిన్న అంచనా వేద్దాం. నగరంలో 20 లక్షల మంది ఉన్నారని, ఒక్కొక్కరు రోజుకు 300 గ్రాముల బియ్యం తింటారని అనుకుందాం. రోజుకు 600 టన్నులు. ఎకరాకు 22 క్వింటాళ్ళ ధాన్యం, మిల్లాడాక అందులో మూడింట రెండొంతులు బియ్యం అనుకుంటే ఎకరాకు సుమారు 1,470 కిలోలు. అంటే ఒక్క రోజు అన్నానికి 400 ఎకరాల పంట కావాలి. ఏడాదికి దాదాపు లక్షన్నర ఎకరాలు. కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుకుగా ఉన్న మన చుట్టుపక్కల మైదానం ఇంత భారం మోయలేదు. డెల్టా బియ్యం రాని రోజున విశాఖలో అన్నం ఉడకదు.

చోళ్ళకూ వరికీ నీటి లెక్క

2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం కావడంతో రాగులు మళ్ళీ చర్చలోకి వచ్చాయి. ఉత్తరాంధ్రలో వాటిని చోళ్ళు అంటాం. చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళిన తరం ఇంకా మన ఇళ్ళలో ఉంది. వరితో పోలిస్తే చోళ్ళకు నీరు తక్కువ అని అందరూ అంటారు. ఎంత తక్కువ?

ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. వరికి పంటకాలమంతా కలిపి 1,200 మిల్లీమీటర్ల నీరు అవసరమనుకుంటే, ఎకరాకు సుమారు 48.5 లక్షల లీటర్లు. పైన వేసుకున్న 1,470 కిలోల బియ్యంతో భాగిస్తే కిలోకు 3,300 లీటర్లు. చోళ్ళకు 400 మిల్లీమీటర్లు సరిపోతుందనుకుంటే ఎకరాకు 16 లక్షల లీటర్ల పైచిలుకు. నీటి తడి లేని మెట్టలో దిగుబడి 700 కిలోలనుకుంటే కిలోకు 2,300 లీటర్లు. ఎకరా చొప్పున చూస్తే చోళ్ళకు వరిలో మూడో వంతు నీరే. కిలో చొప్పున చూస్తే తేడా మూడో వంతుకు కూడా చేరదు, ఎందుకంటే దిగుబడి తక్కువ. చిరుధాన్యాలను సమర్థించేవారు మొదటి లెక్క చెబుతారు, సందేహించేవారు రెండోది చెబుతారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

నా దృష్టిలో అసలు తేడా మరోచోట ఉంది. చోళ్ళు తాగేది అదే పొలంలో కురిసిన వాన. వరి తాగేదానిలో ఎక్కువ భాగం కాలువదో బోరుదో, అంటే ఇంకెవరికైనా ఉపయోగపడే నీరు. పైగా చోళ్ళు, సామలు, జొన్న వంటివి వేడి, పొడి గడ్డిభూముల్లో పుట్టిన జాతులు. మండే ఎండలోనూ తక్కువ నీటితో పిండిపదార్థం తయారు చేసుకునే ప్రత్యేక పద్ధతి వాటి ఆకుల్లో ఉంది. వాన రెండు వారాలు ముఖం చాటేసినా తట్టుకుంటాయి. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో ఉండేది పది మిల్లీగ్రాముల లోపో, ఆ చుట్టుపక్కలో. కిలో బరువు మాత్రమే తూచే తక్కెడ ఈ తేడాను చూపదు.

ఆహార భద్రతలో పంట ఒక భాగమే

1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, అందరికీ, అన్ని వేళలా, ఆరోగ్యంగా బతకడానికి సరిపడా సురక్షితమైన, పోషకాలున్న ఆహారం అందగలిగితేనే ఆహార భద్రత. దీన్ని నాలుగు ముక్కలుగా చెబుతారు. ఆహారం ఉండాలి, అది కొనుక్కునే స్థోమత ఉండాలి, తిన్నది ఒంటికి పట్టాలి, ఈ మూడూ ఏడాది పొడుగునా నిలవాలి.

బయోమ్ నేరుగా ప్రభావం చూపేది మొదటిదాని మీద, నాలుగోదాని మీద. రెండోదాన్ని నిర్ణయించేది కూలి, ధర, రేషన్. 1943 బెంగాల్ కరవులో తిండిగింజల కొరత కంటే పేదల కొనుగోలు శక్తి కూలిపోవడమే ఎక్కువ ప్రాణాలు తీసిందని అమర్త్యసేన్ వాదించారు. మన దేశంలో 2013 జాతీయ ఆహార భద్రత చట్టం గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం హక్కుగా ఇచ్చింది ఈ రెండో ముక్క కోసమే. 2023 జనవరి నుంచి అది ఉచితం. మన్యంలో ఆ బియ్యం గిరిజన సహకార సంస్థ నడిపే డి.ఆర్. డిపోల (అక్కడి రేషన్ దుకాణాల) ద్వారా అందుతుంది. కొండ శిఖరాన ఉన్న గూడేనికి రోడ్డు లేకపోతే డిపో నుంచి ఇంటిదాకా బియ్యం మూట తల మీదే వెళ్ళాలి. ధాన్యాగారం నిండుగా ఉన్నా అందుబాటు మిథ్య కావచ్చునని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? రేషన్ బియ్యం వల్ల ఆకలి తగ్గింది. అదే బియ్యం వల్ల కొండమీద సామలు, చోళ్ళు తినే అలవాటు కూడా తగ్గిందని పోషకాహార నిపుణులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు.

పోడు, కాఫీ: రెండు వైపులా న్యాయం ఉంది

కొండవాలును నరికి, కాల్చి, కొన్నేళ్ళు పండించి, ఆ తర్వాత అడవికి వదిలేసి వేరే చోటికి మారడం పోడు. అడవిని నాశనం చేస్తుందని ఒక వాదన. ఒకే పొలంలో చోళ్ళు, సామలు, కంది, జొన్న, గుమ్మడి కలిపి పండించే పోడు, ఒక్క పంట పోయినా ఇంకో పంట ఇంటిని ఆదుకునే ఏర్పాటు అని మరో వాదన. ఇందులో తేల్చాల్సిన విషయం విరామం. వదిలిన నేల పది పన్నెండేళ్ళు ఊపిరి తీసుకుంటే అడవి మళ్ళీ లేస్తుంది. జనం పెరిగి, భూమి కుదించుకుపోయి, మూడు నాలుగేళ్ళకే తిరిగి నరికితే మట్టి కొట్టుకుపోతుంది. పద్ధతి ఒకటే అయినా కాలవ్యవధి మారితే ఫలితం తలకిందులవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం సాగులో ఉన్న భూమి మీద ఆదివాసులకు హక్కు గుర్తించింది. తిరిగే పోడు కూడా తగ్గుతూ వచ్చింది.

చాలాచోట్ల పోడు స్థానంలో కాఫీ వచ్చింది. కాఫీకి నీడ కావాలి, నీడకు చెట్టు కావాలి, కాబట్టి కొండ బోడి కాదు. డబ్బు చేతికొస్తుంది. మేలు స్పష్టంగా కనిపిస్తోంది. అయితే నీడ కోసం ఎక్కువగా నాటింది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్. త్వరగా పెరుగుతుంది, మిరియాల తీగకు అనువు. పనస, మామిడి, చింత వంటి చెట్లు ఇచ్చే పండు, పక్షులకు గూడు అది ఇవ్వదు. కాఫీగింజ ఆకలి తీర్చదు కూడా. ధర పడిపోయిన ఏడాది ఇంట్లో చోళ్ళు లేని కుటుంబం పూర్తిగా దుకాణం మీద ఆధారపడుతుంది. కాఫీతోపాటు ఒక చెక్కలో తిండిపంట ఉంచుకున్న ఇళ్ళు నిబ్బరంగా ఉంటాయి.

గోస్తని, శారద: ఒకే నీటికి ఎందరో హక్కుదారులు

గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయంలో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ అడవి వానను స్పంజిలా పట్టి నెమ్మదిగా వదిలితేనే వేసవిలో ఏటిలో నీరు ఉంటుంది. తాటిపూడి నీరు పొలాలకూ వెళుతుంది, విశాఖ కుళాయిలకూ వస్తుంది. శారదా నది మీది రైవాడ జలాశయం విషయంలో ఇదే పెద్ద వివాదం. ఆ నీరు పూర్తిగా సాగుకే ఇవ్వాలని అక్కడి రైతులు ఏళ్ళ తరబడి కోరుతున్నారు. నగరానికి తాగునీరు ఆపలేమన్నది మరోవైపు మాట. పొలానికి నీరు తగ్గితే నగరానికి వచ్చే కూరగాయలు తగ్గుతాయి కాబట్టి ఈ తగాదాలో ఇద్దరూ ఒకరికొకరు పరాయివారు కారు.

నది సముద్రంలో కలిసే చోట ఉప్పునీరు, మంచినీరు కలుస్తాయి. రొయ్యపిల్లలకూ చేపపిల్లలకూ అది పురిటిల్లు. బంగాళాఖాతంలోకి పెద్ద నదులు కుమ్మరించే మంచినీరు తేలికైనది కనుక పైన పొరలా పరుచుకుంటుంది. అడుగున ఉన్న పోషకాలను పైకి రానివ్వదు. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడి సముద్రమధ్యంలో చేపల మేత తక్కువ. తీరం వెంబడి నదులు తెచ్చే పోషకాలు, మడ అడవులు, కయ్యలు మనకు అంత ముఖ్యం కావడానికి కారణం అదే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం, పొలానికి ఇచ్చే విరామం లాంటిదే.

దూరపు పంట మీద ఆధారపడటం తప్పా?

మన నూనె మనమే పండించుకోవాలని ఒక వాదం. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో పామాయిల్ సాగు పథకం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ఈ పంటలో దేశంలో ముందున్న రాష్ట్రం. 2022 ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను కొన్ని వారాలు ఆపేసినప్పుడు ఈ వాదానికి బలం వచ్చింది. ఎదుటి వాదం కూడా తేలికైనది కాదు. ఆయిల్‌పామ్ ఏడాది పొడుగునా వాన పడే భూమధ్యరేఖ అడవుల చెట్టు. ఆరు నెలలు పొడిగా ఉండే చోట దాన్ని నిలబెట్టాలంటే ఆ ఆరు నెలలూ బోరు నడవాలి. డబ్బు పెట్టి నూనె కొనడం మానుకుని, నీరు పెట్టి నూనె కొంటున్నట్టు అవుతుందని వారి భయం. ఎకరా నుంచి వచ్చే నూనెలో ఏ ఇతర పంటా దానికి సాటిరాదన్నది మాత్రం ఇరువర్గాలూ ఒప్పుకునే విషయం.

హుద్‌హుద్ ఏడాది

బయోమ్‌లు వేరువేరుగా ఉంటే ఒకటి దెబ్బతిన్నప్పుడు మరొకటి ఆదుకుంటుందని ఇంతవరకూ చెప్పుకున్నదాన్ని బట్టి అనిపించవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ మాటకు హద్దు గీసింది. రేవులో పడవలు విరిగాయి, మైదానంలో అరటి, చెరకు నేలకొరిగాయి, కొండమీద కాఫీతోటల నీడచెట్లు వేళ్ళతో సహా పెకలిపోయాయి. కొండ, మైదానం, సముద్రం ఒకే రోజున దెబ్బతిన్నాయి. పాలకూ కూరగాయలకూ నగరం వరుసల్లో నిలబడింది. ఆ వారంలో మనల్ని ఆదుకున్నవి తుపాను తాకని దూరపు జిల్లాల నుంచి వచ్చిన లారీలే.

కోలుకోవడం మాత్రం మూడు చోట్లా ఒకేలా సాగలేదు. ఆకుకూరలు నెల తిరక్కుండా రైతుబజారుకు వస్తాయి. చెరకుకు ఇంకో ఏడాది పట్టింది. కొత్తగా నాటిన కాఫీ మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్ళు, దాని మీద నీడ పరిచే చెట్టు ఎదగడానికి అంతకంటే ఎక్కువ.